ఫ్లాష్ వద్దు

పగలంతా నేను కెమెరాలు బిగించేవాణ్ణి.
బకాలాల గల్లాపెట్టెల మీద, బ్యాంకు మెట్ల మీద,
ఒక పెద్దాయన గుర్రాల కొట్టంలో కూడా.
నిచ్చెనెక్కి, గోడకి చిల్లు పొడిచి, తీగ లాగి
రెప్ప వెయ్యని కండ్లు వందల్లో పెట్టొచ్చినా
నా ఇంటికి ఒక్కటి కొనాలంటే
మూడు శుక్రవారాలు పట్టింది.

హవల్లీలో పాత సామాన్ల అంగడి, రెండో అంతస్తు.
కుంజుమోన్ అద్దాల బీరువా తెరిచి
కోడిపిల్లల్ని ఇచ్చినట్టు ఒక్కొక్కటే చేతిలో పెడతాడు.
"దేనికి? పెళ్ళికా, ఎడారికా?"
"కానుపుకి."
ఆయన చెయ్యి ఆగింది.
పొడుగు జూము లోపల పెట్టేశాడు. అది పక్షులకంట.
ఇంకోటి తీశాడు, సొరకాయంత బరువు.
నొక్కితే టపక్కుమనింది, తలుపు గడియ పడినట్టు.
ఆ శబ్దానికి డాక్టరమ్మ ఉలిక్కిపడితే?
చేతిలో కత్తెర ఉంటుంది కదా.

"గదిలో వెలుతురెంత?" అని అడిగాడు.
గోడౌనుకి ఎంత, కార్లు నిలిపే చోటికి ఎంత,
నిద్రలో లేపినా చెప్తా.
మనిషి పుట్టే గదికి ఎంత కావాలో
ఏ కేటలాగులోనూ చూళ్ళేదు.

రాత్రి ఫర్వానియాలో, బియ్యం డబ్బాకి వీపు ఆనించి
రెడ్డిరాణి చెప్పింది:
"నా మొగం తియ్యాకు. అరిచేటప్పుడు అస్సలు తియ్యాకు.
పాదాలు తియ్యి. ఇంత వాచినా అవే కదా మోసినాయి.
ఫ్లాష్ మాత్రం వద్దు.
తొమ్మిది నెలలు చీకట్లో ఉండిన బిడ్డకి
మొదటి వెలుగు, దొంగ మీద టార్చి కొట్టినట్టు ఉండకూడదు."

చివరికి ముప్పై ఎనిమిది దినార్లకి కుదిరింది.
చిన్నది, నల్లది, ఒక మూల సొట్ట.
జూము లేదు. "దగ్గరికి పోవాలంటే నువ్వే నడవాలి,"
అన్నాడు కుంజుమోన్.
అమ్ముకొని పోయిన మనిషెవరో
పట్టీ మీద అరబ్బీలో పేరు రాసుకున్నాడు. రుద్దినా పోలా.
ఇరవై చేతిలో పెట్టినా. మిగతాది జీతం పడినాక.

ఆ వారమంతా లైట్లార్పి
ఫ్రిజ్ తలుపు సందు వెలుతురులో
ఎర్రగడ్డల్ని తీసి తీసి చెయ్యి కుదుర్చుకున్నా.
"చాలు, వాటికి దిష్టి తగులుతుంది," అనింది నవ్వి.

ఆసుపత్రి, నాలుగో అంతస్తు, రాత్రి మూడూ నలభై.
వరండా పైకప్పులోంచి
నేనే బిగించిన పద్నాలుగో నంబరు నన్ను చూస్తా ఉంది.
ముప్పై దినాలు దాచుకొని దానంతట అదే చెరిపేస్తుంది,
ఆ లెక్క పెట్టిందీ నేనే.
నా నడక, అరిగిన చెప్పులు, గోడకానించిన నొసలు
నెల తిరిగితే యాడా ఉండవు.

లోపలికి పిలిచినారు.
పాదాలు తీసినా.
మంచం కమ్మి పట్టుకున్న వేళ్ళు తీసినా.
అప్పుడొక ఏడుపు.
అంతే, కంటి ముందరంతా నీళ్ళే,
నొక్కుతాన్నానో లేదో వేలికే తెలీలా.
నర్సు జోసెలిన్ చేతి తొడుగులు విప్పి
నా మెడలోంచి పట్టీ తీసుకుంది.
బిడ్డ వైపు తిప్పుతుందనుకున్నా. నా వైపు తిప్పింది.
"బేబీ రేపు కూడా ఉంటుంది. ఈ ముఖం రేపు ఉండదు."

మొత్తం నూటపదకొండు వచ్చినాయి.
పాదాలు వంకర. వేళ్ళు మసక.
ఒక దాంట్లో బిడ్డ పిడికిలి, చిన్న ఎర్రగడ్డంత, ఎర్రగా.
తేటగా పడింది నాదొక్కటే:
ఏడేండ్లుగా కెమెరాల వెనకాల నిచ్చెన మీదుండే మనిషి
నోరు తెరుచుకొని, గడ్డం తడిసి.
"ఎవురీయన?" అనింది రెడ్డిరాణి.
బిడ్డని ఎత్తి ఆ బొమ్మ పక్కన పెట్టి
చాలాసేపు చూసి,
"ఏడుపు మాత్రం నీదే," అనింది.

కుంజుమోన్‌కి ఇంకా పద్దెనిమిది ఇయ్యాల.