ఒక గోడకి సరిపడా

వార్డో రేవులో రంగుల కొట్టు నాది.
ముప్పై ఏళ్లుగా గులాబీనీ, నీలాన్నీ
పాలలో నీళ్లు పోసినంత పలచగా కలిపి
పుట్టబోయేవాళ్ల గదులకి పంపిస్తున్నాను.
మూత బిగించే ముందు ఒకే ప్రశ్న:
పాపా? బాబా?
డబ్బా మీద రాయాలి కదా మరి.

నవంబరులో ఒకనాడు యోరున్ వచ్చింది.
ఎనిమిదో నెల కడుపు మీద తన కోటు గుండీలు కలవక
మొగుడి కోటు తొడుక్కుంది,
చేపల వాసనతో సహా.
నేనింకా నోరు తెరవనేలేదు,
"తెలీదు. డాక్టర్ని చెప్పొద్దన్నాం" అంది.
"మూడు గోడలకి బూడిద రంగు ఇవ్వు,
మన ఆకాశం లాంటిది, ఎవరూ తలెత్తి చూడనిది.
నాలుగో గోడకి మాత్రం..."

జేబులోంచి ఓ ముక్క తీసి కౌంటరు మీద పెట్టింది.
అరచేయంత రబ్బరు గుడ్డ,
ఒక అంచు కత్తెరతో కోసింది, మూడంచులు చిరిగినవి,
మడతల్లో ఇంకా ఉప్పు.
నారింజ.
తొక్క తీసుకుని తినే నారింజ కాదు,
తుఫానులో మైలు దూరం నుంచి
పేరు పెట్టి పిలిచే నారింజ.

రక్షణ పడవలో ఆమె ఉద్యోగం.
పోయిన మార్చిలో ముగ్గుర్ని లాగారు నీళ్లలోంచి.
ఇద్దరు బతికారు.
ముక్క ఎవరి సూటుదో నేను అడగలేదు.
"అలల మధ్య ఆడా మగా అని చూడం" అంది,
"రంగు కనబడిందా లేదా, అంతే."

మొదటిసారి కలిపితే గుమ్మడికాయ వచ్చింది.
రెండోసారి ఇటుక.
ఎరుపు ఒక్క చుక్క తగ్గించి, పసుపు పెంచి,
గుడ్డ ముక్క పక్కన కర్రతో పూసి చూసుకుని
మూడో డబ్బా దగ్గర నా కళ్లు చికిలించాయి.
సరిగ్గా అదే.
మూత మీద ఏం రాయను?
పెన్ను పట్టుకుని కాసేపు నిలబడి
"ఒక గోడకి సరిపడా" అని రాశాను.

ఐలిఫ్ సముద్రం మీదున్నాడు, ఆమె నిచ్చెనెక్కకూడదు,
ఆదివారం నేనే వెళ్లాను రోలరు పట్టుకుని.
ఈ ఏటికి సూర్యుడు ఆఖరిసారి వచ్చే రోజది.
పదిన్నరకి గట్టు మీంచి తొంగిచూసి
పదకొండు కాకుండానే దిగిపోయాడు,
అప్పు అడగడానికొచ్చి మొహమాటపడ్డవాడిలా.
మళ్లీ కనిపించేది జనవరిలో.

అత్తగారు బోర్ఘిల్డ్ కుర్చీ లాక్కుని కూర్చుంది.
ఒళ్లో రెండు ఉన్ని టోపీలు, ఒకటి నీలం, ఒకటి గులాబీ,
ఏదో ఒకటి నిజం కాకపోదని.
"ఇల్లంటుకున్నట్టుంది" అంది మొదటి పూతకి.
"ఈ గోడ చూస్తే నిద్రెలా పోతాడు...
పోతుంది...
పోతా..."
మాట చివర తోక దొరక్క ఆగిపోయింది.
సూదులు రెండూ గాల్లో నిలబడ్డాయి.
"బిడ్డ నిద్ర బిడ్డది" అంది యోరున్,
కిటికీ చుట్టూ టేపు అంటిస్తూ,
వెనక్కి తిరక్కుండా.

రెండో పూత ఆరేసరికి బయట నీలిచీకటి.
దీపం వేస్తే మూడు బూడిద గోడలూ
చలి కాచుకునేవాళ్లలా
నాలుగోదాని వైపు జరిగినట్టనిపించింది.
బోర్ఘిల్డ్ చెంపలు కూడా నారింజ.
ఆమెకి చెప్పలేదు.
చాలాసేపటికి ఆమే అడిగింది,
ఈ రంగు ఉన్ని ఎక్కడ దొరుకుతుందో.

బ్రష్షులు కడుగుతుంటే చూశాను,
రేడియేటరు మీద ఒక చుక్క జారి గడ్డకట్టింది.
గోరుతో గీకబోతే యోరున్ నా చెయ్యి పట్టుకుంది.
కడుపు అడ్డొస్తున్నా మెల్లగా మోకాళ్ల మీద కూర్చుని
ఆ చుక్క ఎత్తుకి తన మొహం దించి చూసింది.
"ఉండనీ" అంది.
"పాకడం వచ్చాక
మొదట దొరికేది ఇదే."