కలప లెక్క

మా ఊళ్లో ఇప్పుడు ఇల్లు లేస్తుంటే చప్పుడుండదు.
కాంక్రీటు లారీ కడుపులో గరగర లేదు,
ఇనప చువ్వలు కోసే కీచు లేదు.
తెల్లారి ఒక ట్రక్కు వస్తుంది,
గోడలకు గోడలే దించి పోతుంది.
క్రేన్ మీంచి యింగ్వె అరుస్తాడు:
"ఏడో అంతస్తు! రొట్టెముక్క ఎత్తినట్టుంది!"

సముద్రం గడ్డకట్టే ఉత్తర స్వీడన్.
నది ముగిసే చోట మేము.
నా పని లెక్కలు రాయడం,
డబ్బు లెక్క కాదు, పొగ లెక్క.
సిమెంటు బట్టీ ఊదేది ఎర్ర సిరాతో,
చెట్టు మింగిన బొగ్గుపులుసు గాలి పచ్చ సిరాతో.
ఎనభై ఏళ్లు సూదాకులతో పీల్చి
ఒంట్లో దాచుకున్నది
గోడలోనూ అలాగే ఉంటుంది,
కాలనంత కాలం, కుళ్లనంత కాలం.

ఒక పలక నిలువు, ఒక పలక అడ్డం,
పడుగూ పేకా.
కలిపితేనే కలప.
మధ్య జిగురుకీ ఒక గడి ఉంది,
ట్రక్కు తాగిన డీజిలుకీ ఉంది.
అన్నీ కూడి, తీసేసి చూస్తే
అడుగున పచ్చ అంకె మిగిలింది.
ఆ సాయంత్రం ఆఫీసులో కేకు కోశారు.
నేను రెండు ముక్కలు తిన్నాను.

నవంబరులో మూడో అంతస్తులోకి రిస్టిన్ దిగింది.
సామీ ఆవిడ. డెబ్బై రెండేళ్లు. మోకాళ్లు అరిగి
రెయిన్‌డీర్ మందను అక్క కొడుక్కి ఒప్పజెప్పి
మొదటిసారి లిఫ్టున్న ఇంటికి వచ్చింది.
రంగు వెయ్యని గోడకి ముక్కు ఆనించి
చాలాసేపు నిలబడింది.
"ఎక్కడిదీ?" అంది.
గోడ అంచున నంబరు ఉంటుంది. చూసి చెప్పాను.
చెప్పకుండా ఉండాల్సిందేమో.
ఆ కొండ వెనకే ఆమె చలికాలపు విడిది.

కోప్పడలేదు. కాఫీ పోసింది.
"వెచ్చగా ఉంది ఇల్లు, అబద్ధమెందుకు" అంది.
తర్వాత, అదే గొంతుతో:

"మంచు మీద వాన పడి మళ్లీ గడ్డకడితే
నేలకి అద్దం బిగుసుకుంటుంది.
డెక్కలతో ఎంత తవ్వినా మేత అందదు.
అప్పుడు నా మంద తల పైకెత్తేది.
ముసలి స్ప్రూస్ కొమ్మలకి
నల్లటి గడ్డాల్లా లైకెన్ వేలాడేది.
పడుచు చెట్టుకి గడ్డం రాదమ్మా.
మీరు మళ్లీ నాటారుగా, చూశాను.
ఒకే ఈడు, ఒకే ఎత్తు,
డ్రిల్లుకి నిలబెట్టిన బడిపిల్లల్లా.
పాపం, వాటి తప్పేముంది."

ఆ అద్దం బిగిసేది నేను లెక్కగట్టే పొగ వల్లే.
ఆ పొగ ఆపుదామనే ఈ గోడ.
ఈ గోడ కోసమే ఆ కొమ్మలు.
పలకలో ముడి దగ్గర రంపం మొండికేసినట్టు
నా పెన్ను అక్కడే ఆగింది.

రాత్రి పుస్తకం తెరిచాను.
పచ్చ అంకె తప్పు కాదు, మూడుసార్లు కూడాను.
సిమెంటు కన్నా ఇదే మేలని ఇప్పటికీ అంటాను.
కానీ అందులో సగం అప్పు.
నాటిన మొక్క పెద్దదవుతుందని,
అగ్గి పడదని, పురుగు పట్టదని,
ఈ ఇంటిని ముప్పై ఏళ్లకే ఎవరూ పడగొట్టరని
నమ్మి రాసుకున్న బాకీ.
గోడ నిలబడాలి,
మాను నరికిన చోటు మానేదాకా.

మర్నాడు రిస్టిన్ ఒక కవరు ఇచ్చింది.
లోపల గుప్పెడు నల్ల పోగులు, ఎండి పెళుసై.
కాగితాల మీద బరువుగా పెట్టాను.
బరువు లేదు. కాగితాలు ఎగిరాయి.
పుస్తకంలో కొత్త గడి ఒకటి గీశాను.
"దీని కొలత ఏమిటి?" అన్నాడు మేనేజరు.
ఇంకా తెలీదన్నాను.
ఖాళీ గడి ఆడిట్‌కి పనికిరాదన్నాడు.
నేను కొట్టెయ్యలేదు, అతనూ కొట్టెయ్యలేదు.

నిన్న వాన. డిసెంబరులో వాన.
కిటికీ తెరిచి మరిచిపోయాను.
పొద్దున చూస్తే పోగులు తడి పీల్చి
మెత్తగా, నిన్ననే దువ్విన జుట్టులా ఉన్నాయి.
బయట చూరు నుంచి ఇంకా చుక్కలు.
రాత్రికి గడ్డకడుతుందట.