నాలుగు బిళ్ళలు

రుస్తావి పాతకార్ల సంతలో
మా షెడ్డు చివరిది,
కంకర అయిపోయి బురద మొదలయ్యే చోట.
ఓడ దిగిన బళ్ళు ముక్కు చితికి వస్తాయి.
ఒతారి ముక్కు నిలబెడతాడు.
జుంబేరి రంగు కొడతాడు.
అందరిదీ అయ్యాక నాకు కబురు.
నాది పీట మీద పని.
చక్రం ముందు కూచుని
దాని బొడ్డు తుడవాలి.

ముందు వేడినీళ్ళ గుడ్డ, తర్వాత స్పిరిట్టు.
పాత గుర్తు సగం గీసుకుపోయి సగం మిగిలుంటుంది.
గోటితో లేపకూడదు,
హెయిర్ డ్రయ్యర్ పెట్టి బుజ్జగించాలి.
ఎంత మొండి జిగురైనా వేడికి
పాకంలా తీగసాగి వదిలేస్తుంది.
కింద గుండ్రటి తెల్లమచ్చ,
ఉంగరం తీసేసిన వేలి మీద ఉంటుందే, అలాంటిది.
దాన్నీ తుడిచేస్తాను.

డబ్బాలో వరసగా యాభయ్యారు మిల్లీమీటర్ల బిళ్ళలు.
ఏ బండి ఏ ఇంటిపేరుతో పుట్టిందో నేనడగను.
కొన్నవాడు ఏది కోరితే అదే.
ఊపిరి బిగబట్టి దించాలి,
మధ్యలోంచి అంచుకి బొటనవేలితో వత్తుకుంటూ పోవాలి.
అంచు నుంచి మధ్యకి వత్తావో,
గాలి లోపలే చిక్కుకుని
కంట్లో పువ్వులా ఉండిపోతుంది.
"అంటించాక ఇక జరపలేవు."
మొదటి రోజే చెప్పాడు ఒతారి.
తన పెళ్ళి గురించీ ఆ మాటే చెప్పాడు.

అక్టోబరులో శాకరో వచ్చాడు.
గచ్చు పలకలు పరిచే మేస్త్రీ, మోకాళ్ళ మీద సున్నం.
నల్లబండి కొన్నాడు.
దాని ముందు సగం ఒక కారుది, వెనక సగం ఇంకోదాన్ది.
ఆ అతుకు నాకు తెలుసు. అతనికీ తెలుసేమో.
"శనివారం మా ఎతేరి పెళ్ళి.
చర్చి గేటు ముందు ఫొటో తీస్తారు.
నాలుగు నక్షత్రాలూ నిటారుగా ఉండాలి."
అంటించాను.
అతను సంచిలోంచి రసమట్టం తీసి
ఒక్కో నక్షత్రం కింద ఆనించి చూశాడు.
బుడగ నడిమధ్యన నిలిచింది.
నా జీతం పెరిగినంత సంబరపడ్డాను.

సోమవారం పొద్దున్నే మళ్ళీ అతనే.
ఫోను నా మొహమ్మీద పెట్టాడు.
గేటూ, పెళ్ళికూతురూ, బండీ.
ముందు చక్రం మీద నక్షత్రం తలకిందులు,
వెనకది వెల్లకిలా.
"నీ చెయ్యి వంకర."

నేనేం మాట్లాడలేదు.
హ్యాండ్‌బ్రేకు తీయమని, ఇద్దరం కలిసి బండిని
రెండు జానలు తోశాం.
ముందుది లేచి నిలబడింది, వెనకది పక్కకి వాలింది.
ఇంకో జానెడు.
వెనకది లేచింది,
ముందుది ఎటో చూడటం మొదలుపెట్టింది.
అవతలి పక్క రెండిటి సంగతీ చూడనేలేదు.

"మలుపు తిరిగితే
బయటి చక్రం లోపలి దానికన్నా ఎక్కువ నడవాలి.
మీ ఇంటి నుంచి చర్చికి ఎన్ని మలుపులు?"
వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు.
"పదకొండు.
కాదు, పూలు మరిచిపోతే వెనక్కెళ్ళాం. పందొమ్మిది."
తనే నవ్వాడు.
నా పీట లాక్కుని దాని మీద కూలబడ్డాడు.

ఫొటో పెద్దది చేసి మళ్ళీ చూశాం.
చుట్టాలంతా కెమెరా వైపు.
శాకరో మెడ బిగదీసి, మేకు మింగినట్టు.
చక్రం వంక చూస్తున్నది
ఎతేరి ఒక్కతే.
గౌను అంచు బురద తగలకుండా ఎత్తి పట్టుకుని,
తల భుజమ్మీదికి వాల్చి,
పడుకున్న నక్షత్రాన్ని
పడుకున్నట్టే చూస్తోంది.
పెదవి చివర నవ్వు ఆపుకుంటోంది.

శాకరో చాలాసేపు ఏమీ అనలేదు.
జుంబేరి కంప్రెసర్ ఆగింది, మళ్ళీ మొదలైంది.
పోయేముందు విడి బిళ్ళ ఒకటి కొని
రసమట్టం పట్టీ మీద తనే అంటించుకున్నాడు,
అంచు నుంచి మధ్యకి వత్తుతూ.
వంకరగా పడింది. గాలి కూడా చిక్కింది.
నేను చూడనట్టు ఊరుకున్నాను.
రేపటిదాకా తడి తగలనీయొద్దని మాత్రం చెప్పాను.