తొమ్మిదో గడి

శుక్రారం నాడు బడి నుంచి కాయితం తెచ్చింది జోషిత.
ఐదు డబ్బాలు, ఐదు పేర్లు.
ఒక్కదానికే టిక్కు పెట్టాల్నట,
కింద అమ్మదో నాయినదో సంతకం.

నేను కండెలు చుడుతున్న.
రాట్నం ఆపకుంటనే అడిగిన
"ఏమేమున్నయే బిడ్డా?"

ఒక్కొక్కటే చదివింది,
తడిబట్టలు దండెం మీద ఏసినట్టు.
డ్రాయింగు. కబడ్డి. డ్యాన్సు...
ఆడ గొంతు జర ఆగింది.
చెస్సు. తోటపని.
ఇన్నట్టే తలూపిన.
ఇనలేదు.

రాత్రి పలక మీద కాయితం పరుసుకొని
టిక్కు పెట్టుడు, చెరుపుడు,
పెట్టుడు, చెరుపుడు.
పొద్దుగాల సంతకం పెడుదామని చూస్తె
చెస్సు కాడ టిక్కు, నల్లగ, గట్టిగ.
డ్యాన్సు కాడ చిన్న బొక్క.
బొక్కలకెల్లి
నా బొటనవేలు కనవడ్డది.

"చెస్సెందుకే?"
"బోర్డు బడిదేనమ్మా.
డ్రాయింగుకైతె రంగుల డబ్బ కొనాలె,
కబడ్డికి బూట్లు.
తోటపనికేం కొనద్దు గని
బట్టలు బురదయితయ్, నువ్వే ఉతకాలె."

డ్యాన్సు సంగతి అది చెప్పలే,
నేను అడగలే.
పంద్రాగస్టుకు డ్రెస్సు కిరాయి రెండు వందల యాభై.
అది ఎన్ని కండెలో
మా ఇంట్ల తొమ్మిదేండ్ల పిల్లకు గూడ
నోటికి లెక్క వచ్చు.

కొత్తవాడ అంతటికీ ముచ్చట తెలిసింది.
రంగుల కాగు కాడ, మోచేతుల దాక నీలిచేతుల
యాకూబ్ తాత నవ్విండు.
"చెస్సా? దాన్నే షత్రంజ్ అంటరు పిల్లా!
మరి మీ నాయిన మగ్గం మీద నేసేదేంది?
షెత్రంజి!
గళ్లు గళ్లుగుంటదనే ఆ పేరు.
తాతల నాటి సంది బోర్డులు నేసుడే గని
ఆడుడు మర్శిండ్రు మీరు."

మొదటి శనివారం
రెండో తర్గతి ధీరజ్‌గాడు పదకొండు ఎత్తుల్ల ఓడగొట్టిండట.
వానికి ముందటి పండ్లు లేవట.
ఓడిన ముచ్చట కన్న
పండ్ల ముచ్చటే పెద్దగ చెప్పింది.
రెండో శనివారం గుర్రం నడక నేర్సుకొచ్చింది.
"రెండిండ్లు సీద, ఒకిల్లు పక్కకు.
మనం కిరాణ దుక్నానికి పోయినట్టేనమ్మా."

మా ఆయన ఏమన్లే.
ఆయన దేనికీ ఏమనడు.
సొసైటీ ఆర్డరు దించిన తెల్లారి
పోగు మిగిలిందని
ఎరుపు తెలుపు గళ్లు ఎత్తుకున్నడు.
అడ్డం ఎనిమిది, నిలువు ఎనిమిది.
నడుమ ఫోనొచ్చిందో, దగ్గొచ్చిందో,
నిలువుల తొమ్మిదొచ్చినయ్.
"ఇప్పి మళ్ల నేస్త" అన్నడు.
"అద్దు నాయినా" అని
గుంజుకొని ఉరికింది.

ఖాళీ కండెలు బంట్లు.
అంగి గుండీలు ఏనుగులు.
మంత్రి, నా సూదుల డబ్బి.
గుర్రం మాత్రం నిజం గుర్రమే,
జాతరల కొన్న ప్లాస్టిక్కుది, ఒక చెవ్వు లేదు.
తొమ్మిదో వరుసల ఎవ్వరూ నిలవడరు గనుక
ఆడ నా చాయ గిలాస.

ఇయ్యాల దానికి ఎత్తు తోస్తలేదు.
గదువ కింద చెయ్యి,
కండ్లు గుర్రం మీద.
గుంట మగ్గంల ఆయన కాళ్లు
దడ్ దడ్, దడ్ దడ్.
దీని కాలు దీని మాట ఇంటలేదు,
షెత్రంజి అంచు కింద
మడిమ, ముని వేళ్లు, మడిమ, ముని వేళ్లు,
మగ్గంతోని పందెం పడ్డట్టు.
కండెలు సన్నగ వణుకుతున్నయ్.
గిలాసల చాయ గూడ.

"మీ టీచరమ్మ ఆ కాయితం ఇంకోటి ఇస్తదా బిడ్డా?"
నోటి దాక వచ్చింది.

అంతల గుర్రం దుంకింది.
రెండిండ్లు సీద,
ఒకిల్లు పక్కకు.