ఒంటికాలి మీద

కుఓపియోలో మార్చి. కిటికీ బయట సరస్సు
ఇంకా గడ్డకట్టే ఉంది.
"ఒంటికాలి మీద నిలబడండి, ఐలి గారూ"
స్టాప్‌వాచీ నొక్కింది ఫిజియోథెరపిస్టు.

నాలుగు సెకన్లు.
ఒరిగింది గోడే, నేను కాదు.

చేతులు కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేవమంది.
మూడోసారికి మోకాలు ఏదో గొణిగింది.

పిడికిలి బలం కొలిచింది.
నలభై ఏళ్లు ఆవుల్ని పితికిన చెయ్యి.
ముల్లుతో పాటు ఆ పిల్ల కనుబొమలూ లేచాయి.

"ఈ ఏడాదిలో ఎప్పుడైనా పడ్డారా?"
"లేదు."

నవంబరులో, కట్టెల కొట్టం దగ్గర,
వెల్లకిలా.
మంచు మెడలోకి కరుగుతుంటే
చుక్కలు లెక్కపెట్టాను. పదిహేడు.
దేన్ని పట్టుకుని లేచానో గుర్తులేదు.

కోటు గుండీలు పెట్టుకుంటూ, గుమ్మంలో ఆగి
"ఒకసారి" అన్నాను.

ఆమె పెన్ను మూత మళ్లీ తీసింది.