దేవతల వాటా

పూతలపట్టు దాటినాక, చెరకు తోటలు ఆగిపోయిన చోట
డిస్టిలరీ గేటు.
నెత్తిన టోపీ పెట్టి, జేబులో అగ్గిపెట్టె అడిగి తీసుకున్నాడు
గురవయ్య, మాకు అన్నీ చూపించేటోడు.

మొలాసిస్ తొట్టి మీద ఈగల మబ్బు.
రాగి బానలో ఉడుకు. పుల్లటి ఆవిరి
కళ్లద్దాల మీద కూర్చుంటే తుడుచుకుంటిమి.

గోదాములో మాత్రం చలవ.
పీపాలు పడుకోనుండాయి, సుద్దముక్కతో ఏండ్లు రాసి.
"ఏటా కొంత ఆవిరై పోతాది సార్,
దేవతల వాటా అంటారు.
చలి దేశాల్లో రవ్వంతే.
మన చిత్తూరెండకి
దేవతలకీ దప్పిక జాస్తి."

చివర్న ఐదు గ్లాసులు, అడుగున వేలెడు.
రుచి చూసే పెద్దమనిషి వాసన పట్టి, పుక్కిలించి, ఉమ్మేసి
"మూడోదాంట్లో క్యారమెల్" అన్నాడు.

నాకది తెలుసు.
గానుగ కాడ నిద్దరపోయి కాగు అడుగంటించినందుకు
మా నాయన నా వీపు మీద
చెరుకు గడతో చెప్పిన వాసన.

ఆ ఏడు బెల్లం నల్లగా దిగింది.
మండీలో ఎవురూ ముట్టలేదు.
సారా కాసేటోళ్లు చీకట్లో వొచ్చి
సగం ధరకి ఎత్తుకోని పోయినారు.
మిగతా సగం ఎవురి వాటానో
నాయన అడగలేదు.

ఉమ్మడానికి బకెట్టు నా ముందుకు జరిపినారు.
నేను మింగినాను.