ఏ నీళ్ళు

నా బల్ల మీదకి వచ్చేసరికి లావ్రెంతి
చిటికెన వేలంత ఎముక ముక్క.

పైపుస్ సరస్సు మీద మంచుకి తవ్విన రంధ్రంలో
కాలు జారి పడ్డాడని పోలీసు కాగితం.
ఊరూ అదే అంది.
ఏటా ఫిబ్రవరిలో సరస్సు ఒకరిని అడుగుతుందట.
ఉల్లిపాయల్ని జడలల్లి అమ్ముకునే
ఆ ఒడ్డు పాత విశ్వాసులు
రెండు వేళ్ళతో శిలువ గీసుకుని
టోపీ సర్దుకుని మళ్ళీ వల పట్టుకుంటారు.

నేనుండేది టార్టులో.
ఆ ఊరు నాకు తెలీదు. తెలిసింది నీళ్ళు.

నీళ్ళల్లో గాజు ఇళ్ళు కట్టుకునే
కంటికానని నాచు ఒకటుంది, డయాటమ్.
ప్రాణం పోయినా ఆ ఇల్లు కూలదు.
మునిగే మనిషి చివరి గుక్కలో
అది ఊపిరితిత్తుల గోడ దాటుతుంది.
గుండె ఇంకా కొట్టుకుంటుంటే
తెలియకుండానే మోసుకెళ్ళి
మూలుగలో దాస్తుంది.
ఆగిన గుండె ఎవర్నీ మోయదు.

ఆసిడ్‌లో ఎముకని కరిగించాను.
కిటికీ బయట ఎముకలు కొరికే చలి.
లోపల నాదీ అదే పని.

తెల్లారి స్లైడ్ మీద పదకొండు.
మళ్ళీ లెక్కపెట్టాను. పదకొండే.
అంటే, మునిగేటప్పుడు బతికే ఉన్నాడు.
ఇక్కడిదాకా ఊరి మాట తప్పు కాదు.

కానీ సరస్సువి గుండ్రం,
చొక్కా గుండీల్లా, దొంతర పెట్టిన పీపాల్లా.
ఇవి విల్లులు.
కుళ్ళిన ఆకులు నానే నల్లనీళ్ళల్లో తప్ప
ఎదగని సన్నటి విల్లులు.

మూడు సీసాలు తెప్పించాను.
మంచు రంధ్రానివి. బావివి.
అన్న సవ్వాతి ఆవిరిస్నానపు గది వెనక కుంటవి.
మూడో సీసా నిండా విల్లులే.

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు.
ఆ రెండో సగం నాకెప్పుడూ మింగుడు పడలేదు.
నీటినే అడిగితే పోయేదానికి
దేవుణ్ణి లేపడమెందుకు?

"హెల్వే గారూ, తల అదిమిన చెయ్యి ఎవరిదో చెప్పగలరా?"
కోర్టులో లాయరు.
చెప్పలేను.
ఏ నీళ్ళో చెప్పగలను.
తర్వాత సవ్వాతిని అడిగారు.
నీళ్ళు నమిలాడు.
సాయంత్రానికి
ఉల్లి అమ్మిన డబ్బు సంగతి,
చీకట్లో సరస్సు దాకా లాగిన స్లెడ్జి సంగతి
ఒక్కొక్కటే కక్కాడు.

శిక్ష పడ్డ మర్నాడు ఉస్తీన్యా వచ్చింది,
లావ్రెంతి భార్య.
"అవి చూడొచ్చా?"
ఎత్తు స్టూలెక్కి, ఒక కన్ను మూసి,
టీ చల్లారిపోయేదాకా చూసింది.
"అందంగా ఉన్నాయి," అంది.
ఆ మాట నోరు జారినందుకు
తల గుడ్డ ముడి గట్టిగా బిగించుకుంది.

"ఎనిమిది నెలలు సరస్సు వైపు ఉమ్మాను.
చేప ముట్టలేదు.
పిల్లల్ని ఒడ్డుకి పోనివ్వలేదు."

నా దగ్గర దానికి పరీక్ష లేదు.

బస్సు ఎన్నింటికని అడిగింది.
చీకటి పడకముందే చేరాలట.
సరస్సుకి ఒక మాట చెప్పాలట.